రెండో పొయ్యి

ఫిబ్రవరి 4, మంగళవారం

నేను ఇల్లు ముక్కలు చెయ్యడానికి పుట్టానట. అన్నది అమ్మ. చొక్కాకి కాజా కుడుతూ, తల ఎత్తకుండా, దారం పళ్ళతో తెంపి మరీ అంది. అన్నయ్య కాదనలేదు సరికదా, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "ప్లీడరమ్మకి ఇంట్లోనే కేసు దొరికింది," అని నవ్వాడు. ఈ ఇంట్లో నేను ప్రశ్న అడిగితే గొడవ. ఊరుకుంటే పొగరు. డిగ్రీ పాసైన రోజు నుంచీ నేనేం మాట్లాడినా చదువు తలకెక్కి మాట్లాడినట్టే.

ఇంతకీ నేను అడిగిందేమిటి? నాన్న వైద్యానికి ప్రభుత్వ సాయం కోసం ఫారం నింపుతున్నాను. నాలుగో పేజీ, ఏడో ప్రశ్న. "ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారు ఎందరు? వారందరి ఆదాయం వివరాలు రాయండి." కప్పు ఒకటే అయినా పొయ్యిలు రెండయితే కుటుంబాలు రెండు. రూలు ఇంత సూటిగా రాసినవాడెవడో గాని, వాడింట్లో కూడా వదినా ఆడపడుచూ ఉండే ఉంటారు.

"అమ్మా, ముగ్గురమని రాయనా? అన్నయ్య వాళ్ళది వేరే పొయ్యి కదా," అన్నాను.

"ఎవరు చెప్పారే వేరని?"

"ఎవరో చెప్పాలా? రెండేళ్ళయింది."

"అది పొయ్యేంటి? మీ వదిన నీళ్ళు కాచుకోడానికి పెట్టుకుంది."

నీళ్ళు కాచుకునే పొయ్యి మీంచి రోజూ ఏడింటికి ఉల్లిపాయలు వేగిన వాసన వస్తుంది. ఆ మాటా అన్నాను. అప్పుడే ఇల్లు ముక్కలు చెయ్యడానికి పుట్టానన్నది.

లెక్క చిన్నది. నెలకి పన్నెండు వేలు దాటితే సాయం రాదు. జిరాక్స్ షాపులో నాకొచ్చేది నాలుగున్నర, అమ్మ కాజాలకి మూడు. ఏడున్నర. అన్నయ్య జీతం పద్దెనిమిది కలిపితే మనం ధనవంతులం.

ఏడో ప్రశ్న ఖాళీగా వదిలేశాను. తనిఖీకి వచ్చేవాడికి కళ్ళుంటాయి. రెండు పొయ్యిలూ చూసి అతనే రాసుకుంటాడు. ఇది పిరికితనం కాదు, తెలివి.

ఫిబ్రవరి 5

నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఫారం ఇచ్చి వచ్చాను. గంటన్నర నిలబడ్డాను. సంక్షేమ ఆఫీసులో గోడలకి నడుం ఎత్తు దాకా నల్లటి చార, జనం ఆనుకుని ఆనుకుని అయినది.

గుమస్తా నా ఫారం తిప్పి చూశాడు. "ఏడోది ఖాళీగా ఉందేంటమ్మా?"

"తనిఖీలో చూస్తారు కదండీ."

"చదువుకున్నదానిలా ఉన్నావు. ఖాళీలు వదులుతావేంటి?" అని పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టి పక్కన పడేశాడు.

అతని బల్ల మీద రిజిస్టరు మూలలకి ఎర్రగుడ్డ. వీపున మూడు కుట్లు, ముడి బయటికి కనపడకుండా లోపలికి. అది నాన్న ముడి. ముప్ఫై ఏళ్ళు బైండింగ్ షాపులో పుస్తకానికింతని కూలికి చేశాడు. ఆఫీసుల రిజిస్టర్లన్నీ ఆయన చేతిలోంచి పోయినవే. ఈ డైరీ కూడా అంతే, మిగిలిపోయిన గళ్ళ కాగితాలతో కుట్టి ఇచ్చాడు. జమ గడిలోంచి ఖర్చు గడిలోకి నా రాత అడ్డదిడ్డంగా పోతూ ఉంటుంది.

మా దరఖాస్తు కూడా ఆ రిజిస్టర్లోనే ఎక్కించాడు గుమస్తా. ఈ సంగతి నాన్నకి చెబుదామనుకుని చెప్పలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

జూలైలో పడ్డాడు నాన్న. కుడి పక్క మొత్తం పోయింది. కాలు కొంత వచ్చింది, మాట కొంత వచ్చింది, చెయ్యి రాలేదు. "మొదటి సంవత్సరంలో ఎంత వస్తే అంతే. తర్వాత రాదు. ఫిజియోథెరపీ ఆపకండి," అన్నాడు డాక్టరు. ఆపాం. డిసెంబరులో ఆపాం. అమ్మ భాషలో దాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. కరెంటు పెట్టినన్నాళ్ళు చూపుడువేలు కదిలేది. సాయం మంజూరైతే ఫిజియోథెరపీ సెంటర్లో అంతా ఉచితం, పైన నెలకి నాలుగు వేలు.

ఇప్పుడు ఫిబ్రవరి. జూలైకి ఐదు నెలలు.

షాపులో మా ఓనరు ఇవాళ ఒకాయనతో అంటున్నాడు, "ఫారాలు మా అమ్మాయి చేత నింపించుకోండి సార్. ఆమె నింపింది ఇంతవరకు ఒక్కటి వెనక్కి రాలా." నిజమే. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, మీ ఇంట్లో ఎన్ని పొయ్యిలండీ అని అడుగుతాను. సిగ్గుపడేవాళ్ళకి, ఇందులో సిగ్గేముందండీ అని ధైర్యం చెబుతాను కూడా.

ఫిబ్రవరి 20, గురువారం

తనిఖీ అయిపోయింది. నేను షాపులో ఉండగా వచ్చి వెళ్ళాడట.

అమ్మ మొహం వెలిగిపోతోంది. నేను చెప్పులు విప్పక ముందే మొదలుపెట్టింది. "కిటికీలోంచి చూశానే. వీధి చివర అడ్రసు అడుగుతున్నాడు, చేతిలో ఫైలు. ఇల్లు చూస్తే చిందరవందర. గబగబా సర్దేశా."

"ఏం సర్దావు?"

"ఏం సర్దుతాం? బట్టలు మడత పెట్టా. మీ నాన్నకి చొక్కా మార్చా. అది… ఆ స్టవ్వు తీసి మంచం కింద పెట్టా."

వదిన పొయ్యి. ముందు గదికీ వంటింటికీ మధ్య నడవలో పెట్టె మీద ఉంటుంది, ఒక్క బర్నరుది. ఎవరొచ్చినా అమ్మ దాన్ని మంచం కిందికి తోసి పాత నీలం దుప్పటి కప్పుతుంది. చుట్టాలొచ్చినా, అద్దె కోసం ఇంటాయన వచ్చినా, పక్కింటావిడ దారం కోసం వచ్చినా. రెండేళ్ళలో ఆ దుప్పటికి నూనె మరకలు, నాలుగు మూలలా మసి. వదిన పుట్టింటికెళ్ళి మూడు రోజులైంది కాబట్టి అడ్డుపడేవాళ్ళు కూడా లేరు. చిన్న సిలిండరు బాత్రూంలో పెట్టిందట. పైన బకెట్టు బోర్లించి!

"ఎంతమంది తింటారమ్మా ఒక పొయ్యి మీద అన్నాడు. అందరం బాబూ, నా కొడుకు నన్ను వదిలి ఒక్క ముద్ద తినడు అన్నా. రాసుకున్నాడు. ఈ రోజుల్లో అదృష్టవంతులమ్మా మీరు అన్నాడే!"

అంత సంతోషంగా అమ్మని చూసి ఎన్నాళ్ళయిందో.

"నాన్న ఏం మాట్లాడలేదా?"

"ఏదో అనబోయారు, చెయ్యెత్తి. ఆయనకి మాట సరిగా రాదు బాబూ అని నేనే సర్దిచెప్పా."

నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. నిద్రపోయేటప్పుడు ఆయన భుజం అలా ఉండదు.

నేను అమ్మని ఏమీ అనలేదు. ఏదైనా అంటే ఆ వెలుగు పోతుంది. అందుకే అనలేదు. వేరే కారణం ఏమీ లేదు.

ఫిబ్రవరి 21

రెండేళ్ళ అలవాటు. ఎవరో వస్తున్నారంటే చేతులు వాటంతటవే దాచేస్తాయి. దాచకుండా ఉంటే వచ్చేదాన్ని, దాచి పోగొట్టుకున్నాం.

అతను మంచం కిందికి వంగి చూసి ఉండొచ్చు. నూనె వాసన వచ్చి ఉండొచ్చు.

మార్చి 6, గురువారం

ఉత్తరం వచ్చింది. "ఉమ్మడి కుటుంబం. మొత్తం ఆదాయం పరిమితికి మించి ఉన్నందున దరఖాస్తు తిరస్కరించడమైనది. ముప్ఫై రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చును."

అమ్మకి చదివి వినిపించాను. "ఉమ్మడి కుటుంబం అని రాశారా?" అంది. రెండోసారి కూడా అదే అడిగింది, అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకోలేనట్టు. తర్వాత చొక్కా చేతిలోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కలేదు. నేను ఎక్కించి ఇచ్చాను.

మార్చి 7

నేను నింపిన ఫారం వెనక్కి వచ్చింది. షాపులో చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

అప్పీలుతో పాటు ఒక వాంగ్మూలం కావాలి. మేం వేరుగా వండుకుంటున్నాం అని, వేరుగా వండుకునేవాళ్ళు సంతకం పెట్టి ఇవ్వాలి. అన్నయ్యని అడిగాను. తల దువ్వుకుంటున్నవాడు దువ్వెన ఆపాడు.

"అంటే నా తల్లిదండ్రులకి నేను కూడు పెట్టట్లేదని ప్రభుత్వానికి నేనే రాసివ్వాలి. అంతేగా?"

"అలా కాదు అన్నయ్యా. వేరుగా వండుకుంటున్నాం అని…"

"చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. ఆ రెంటికీ తేడా ఏంటి?"

నాకు తేడా తెలుసు.

"అద్దెలో సగం ఎవరిస్తున్నారు?" అన్నాడు. నిజమే, ఇస్తున్నాడు. "నాన్న వైద్యం సంగతి నేను చూసుకుంటానన్నానా లేదా?" అదీ నిజమే, అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి, "ఇంటి గుట్టు లంకకి చేటు," అంది. గిన్నెలతో అన్నట్టు అంది, కానీ నాకే.

మార్చి 11, మంగళవారం

షాపుకి ఒక ముసలామె వచ్చింది. చంకలో గోతం సంచీ, అందులో ఆమె కాగితాలన్నీ. ఒంటరి వృద్ధుల సాయం కోసం ఫారం నింపాలి. మామూలుగా అడిగాను.

"కొడుకులున్నారా అవ్వా?"

"ఉన్నాడు ఒకడు. అదే ఇంట్లో ముందు వసారాలో ఉంటాడు. నేను వెనక."

"పొయ్యి?"

"నాది నాకుంది."

"మరి ఇక్కడ రాయాలవ్వా. కొడుకు చూసుకోవడం… వేరుగా ఉంటున్నందువల్ల…" ఇన్నాళ్ళూ ఎంతమందికి రాశానో. ఇవాళ పెన్ను ఆగిపోయింది.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా కొడుకు నాకు పెట్టడు అని రాయి తల్లీ. నీకెందుకంత సిగ్గు? కన్నదాన్ని నేను."

ఓనరు నవ్వాపుకోలేకపోయాడు. ముసలామె అతని మీదికి తిరిగింది. "నువ్వేంటయ్యా ఇకిలిస్తావు? మీ అమ్మ ఎక్కడ తింటోంది?" అతను జిరాక్స్ మిషన్ మూత తెరిచి లోపలేదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన సిరా జుట్టుకి రాసుకుని, "నిజం రాస్తే ఏమైపోతుంది? వాడు నాకు కొడుకు కాకపోతాడా?" అని సంచీ చంకన పెట్టుకుని వెళ్ళింది.

మార్చి 12, బుధవారం

ఈ డైరీలో ఒక సంగతి రాయలేదు. రాయాల్సిన అవసరం లేదనుకున్నాను. నాకు తెలిసిన సంగతే కదా, నాకోసం మళ్ళీ రాసుకోవడమెందుకు అనుకున్నాను.

పొయ్యి రెండయింది నా వల్ల.

రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం. వదిన వండిన కూరలో ఉప్పెక్కువైంది. నాన్న ఏమీ అనకుండా తింటున్నాడు. నేనే, రేపటి నుంచి నాన్నకి నేను వండుతాను అన్నాను. వదిన, "ఏం, నా చేతి వంట మామయ్యగారికి పడదా?" అంది. అప్పుడన్నాను. "నీ చేతి కూడు తినాల్సినంతగా మా నాన్న ఇంకా మంచాన పడలేదు."

ఫైనలియర్ పరీక్షల రోజులు. నిద్ర లేదు. తలనొప్పి.

అవన్నీ ఇప్పుడు దేనికి?

మర్నాడు పొద్దున్నే వదిన ఒంటి బర్నరు పొయ్యి కొనుక్కొచ్చి నడవలో పెట్టుకుంది. గొడవ పడలేదు, ఏడవలేదు. ఇంటాయనకి తెలియకుండా, పక్కింటివాళ్ళకి తెలియకుండా వేరు కుంపటి వెలిగింది. అమ్మ ఆ వారమే నీలం దుప్పటి బయటికి తీసింది.

పదహారు నెలలకి నాన్న మంచాన పడ్డాడు. అప్పుడు కూడా వదిన ఆ మాట గుర్తు చెయ్యలేదు. ఆసుపత్రిలో మూడు రోజులు ఆయన మంచం పక్కనే కూర్చుంది. నేను ఆమె మొహంలోకి చూడలేదు. ఇప్పటికీ చూడను. నడవలో ఎదురైతే గోడకి జరిగి దారిస్తాను, అదేదో మర్యాద అయినట్టు.

అమ్మ అన్నది తప్పని ఈ పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఇప్పుడు కొట్టెయ్యను. ఉండనీ.

మార్చి 15, శనివారం

వదినని అడిగాను.

అన్నయ్య పనికి వెళ్ళాడు, అమ్మ కాజాలు కుట్టిన చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళింది. వదిన నడవలో పొయ్యి తుడుస్తోంది. బర్నరు రంధ్రాల్లో పిన్నీసు పెట్టి మసి తీస్తోంది. నేను వాంగ్మూలం కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. చివరికి తనే, "నిలబడితే కాళ్ళు నొప్పెడతాయి," అంది.

చెప్పాను. ఏడో ప్రశ్న, ఉమ్మడి కుటుంబం, ముప్ఫై రోజులు, అన్నీ. మధ్యలో ఆపకుండా విన్నది.

"అయితే ఇప్పుడు నా పొయ్యి కావాల్సొచ్చింది," అంది.

"అవును."

"రెండేళ్ళ నుంచి ఎవడో తలుపు కొట్టగానే నా స్టవ్వుకి ముసుగు. ఒకసారి పొయ్యి మీద పాలు ఉండగానే లాగేశారు అత్తయ్య. ఎవరైనా చచ్చిపోతే కప్పుతారు అలా." పిన్నీసు పక్కన పెట్టింది. "మీ అన్నయ్య పెట్టనన్నాడా?"

"పెట్టనన్నాడు."

"నేను పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. వేరుగా వండుకునేది నువ్వే కదా."

"ఎక్కడ?"

అంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు. "అన్నయ్య ఏమంటాడో…" అన్నాను.

"ఏమంటాడు? రెండు రోజులు మాట్లాడడు. ఆ రెండు రోజులూ నాకు సెలవు."

కోడి గీతల్లా ఉంటుంది వదిన సంతకం. చెయ్యి తుడుచుకుని, ఊపిరి బిగబట్టి పెట్టింది. కాగితం తీసుకున్నాను. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"వదినా, ఆ రోజు నేనన్న మాట…"

చెయ్యెత్తి ఆపేసింది. మసి అంటిన చెయ్యి.

"చెప్పకు. నువ్వు సారీ చెప్పావని అత్తయ్యకి తెలిసిందంటే రేపొద్దున్నే వచ్చి నా స్టవ్వు ఎత్తుకెళ్ళి వంటింట్లో పెట్టేస్తారు. మళ్ళీ ఒక్క పొయ్యి. మళ్ళీ ఉమ్మడి కుటుంబం. మామయ్యగారి చెయ్యి మాటేంటి?"

"మరి ఆ మాట?" అన్నాను, చిన్నపిల్లలా.

"అది అక్కడే ఉంటుంది. మర్చిపోయాననుకుంటున్నావా? గుర్తుంది కాబట్టే సంతకం పెట్టా. ఆయన తన చేత్తో తను తిననీ. అప్పుడు చెబుదువుగాని." మళ్ళీ పిన్నీసు తీసుకుంది. "అప్పుడైనా నేను వింటానని లేదు."

మార్చి 17, సోమవారం

అప్పీలు మీద నాన్న వేలిముద్ర కావాలి. సంతకం పెట్టే చెయ్యి లేదు కదా.

చదివి వినిపించాను. దాచకుండా మొత్తం చదివాను. "మా ఇంట్లో రెండు పొయ్యిలు ఉన్నవి. నా కుమారుడు, కోడలు వేరుగా వండుకుంటున్నారు. అద్దెలో సగం నా కుమారుడు ఇచ్చును. తనిఖీ రోజున రెండో పొయ్యి మంచం కింద ఉన్నది." ఆ వాక్యం దగ్గర నాన్న కళ్ళు మూసుకున్నాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. సూది ఆగింది, మళ్ళీ కదిలింది.

"వేలిముద్ర వేస్తావా నాన్నా?"

సిరా పెట్టె తెరిచి ఆయన ఎడమ చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కున్నాడు. వద్దంటున్నాడనుకుని మూత పెట్టేశాను. అప్పుడు ఆ ఎడమ చేత్తోనే కుడి మణికట్టు పట్టుకుని, దుప్పటి మీంచి మెల్లగా ఈడ్చి, నా ఒళ్ళో పెట్టాడు.

ఆ బొటనవేలికి దబ్బనం గుచ్చుకుని కాయకాసిన మచ్చ ఇంకా ఉంది. ఎనిమిది నెలలుగా పని లేకపోయినా పోలేదు. సిరా అద్ది, కాగితం మీద ఒత్తాను. మచ్చ ఉన్నచోట ముద్రలో చిన్న తెల్ల చుక్క పడింది.

"రెం…డు," అన్నాడు నాన్న. తనిఖీ రోజు అమ్మ పూర్తి కానివ్వని మాట అదే అయి ఉంటుంది.

మార్చి 18

అప్పీలు ఇచ్చాను. విచారణ 26న, పదకొండింటికి. గుమస్తా ఈసారి అన్ని పేజీలూ తిప్పాడు. "ఖాళీలు లేవు," అన్నాడు.

మార్చి 23, ఆదివారం

అన్నయ్యకి తెలిసింది. వదిన అన్నట్టే రెండు రోజులు మాట్లాడలేదు, ఆమెతోనూ నాతోనూ. ఇవాళ పొద్దున నాన్న మంచం మీద కూర్చుని, ఆయన కాలు మీద చెయ్యి వేసి, "నేను చూసుకుంటాను నాన్నా. వచ్చే నెల నుంచి కరెంటు నేను పెట్టిస్తాను. ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని లేదు," అన్నాడు.

అన్నయ్య అబద్ధాలకోరు కాదు. అన్నప్పుడు నిజంగానే అంటాడు. జూలైలో అన్నాడు. సెప్టెంబరులో అన్నాడు. డిసెంబరులో సెంటరు మెట్ల మీద నిలబడి అన్నాడు. తర్వాత బండి పాడవుతుంది, జీతం ఆలస్యమవుతుంది, వదినకి పంటి నొప్పి వస్తుంది. అన్నీ నిజాలే. నాన్న వేలు మాత్రం కదలదు.

అతను వెళ్ళాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఒక్క మాట చెప్తా, వింటావా? కోపం తెచ్చుకోకు."

"చెప్పమ్మా."

"వదినతో ఒక్క మాట అను. కాళ్ళు పట్టుకోమనట్లేదు. తప్పైంది వదినా అను చాలు. దాని మనసు మెత్తన. అది స్టవ్వు తెచ్చి ఇక్కడ పెట్టేస్తుంది, చూడు, చోటు కూడా ఉంది." గట్టు మీద చోటు చూపించింది. రెండేళ్ళుగా అక్కడ ఏమీ పెట్టకుండా ఖాళీగా ఉంచింది. నేనెప్పుడూ గమనించలేదు. "అందరం ఒకటైతే వాడు ఇవ్వకుండా ఉంటాడా? పరాయివాళ్ళ ముందు మన పరువెందుకు?"

"ఇవ్వకపోతే?"

"ఇస్తాడే."

"ఇవ్వకపోతే అమ్మా? జూలై వచ్చేస్తే?"

కొంగుతో గట్టు తుడిచింది. తుడవాల్సిందేమీ లేదు. "చెయ్యి రాకపోతే నేను తినిపిస్తాను ఆయనకి," అంది. "బతికున్నన్నాళ్ళూ తినిపిస్తాను. కొడుకు పెట్టడని నలుగురిలో చెప్పించుకోలేను."

అమ్మ దుర్మార్గురాలైతే ఎంత బావుండేది.

మార్చి 24, సోమవారం

సాయంత్రం షాపు నుంచి వస్తుంటే వీధి మొదట్లోంచే కనిపించింది. నీలం దుప్పటి. ఉతికి, వీధివైపు తీగ మీద ఆరేసింది వదిన. మరకలు పోలేదు. చప్టా మీద బాది బాది చిరుగులు కూడా పడ్డాయి. పక్కింటావిడ మా అమ్మని అడుగుతోంది, "ఇదెక్కడి దుప్పటండీ, ఎప్పుడూ చూడలేదే?"

అమ్మ లోపలికి వెళ్ళింది.

మార్చి 25, మంగళవారం

అమ్మ పొద్దున్నుంచి ఇరవై రెండు చొక్కాలకి కాజాలు కుట్టింది. ఎప్పుడూ పద్నాలుగు దాటవు. ఇప్పుడే వచ్చి, నా వైపు చూడకుండా, "రేపు నేనూ వస్తాను. నువ్వు రెండంటే నేను ఒకటంటాను," అంది. అననీ. వాళ్ళు ఇద్దరి మాటా రాసుకుంటారు, మళ్ళీ తనిఖీకి వస్తారు. ఈసారి కప్పడానికి దుప్పటి లేదు.

వదిన రేపటికి తన స్టవ్వు మీద నాన్నకి కూడా వండుతానంది, మేం ఆఫీసులో ఉంటాం కాబట్టి. అది ఏడో ప్రశ్న కిందికి వస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఒక్కపూట తిండికి కుటుంబం మారదు. రూలు చూశాను, నెలలో సగం రోజులు తింటేనే లెక్క.

రేపు పదకొండింటికి విచారణ. మా ఇంట్లో రెండు పొయ్యిలున్నాయని చెబుతాను. ఎప్పటి నుంచని అడిగితే తేదీ చెబుతాను. ఎందుకని అడిగితే నేనన్న మాట అన్నట్టుగానే చెబుతాను, అమ్మ పక్కనే ఉంటుంది, వింటుంది. వదినకి సారీ చెప్పను.